సెరెండిపిటీ – ఆశ్చర్యము: పదముల పుట్టుక, పరమార్థము

అనుకొనని శుభము ఎదురగుటకు ఆంగ్లమున ‘సెరెండిపిటీ’ అను అరుదైన పదమున్నది. 1754 జనవరి 28న హోరేస్ వాల్పోల్ తన మిత్రునికి వ్రాసిన లేఖలో దీనిని కల్పించెను. వెదకని వాటిని యాదృచ్ఛికముగాను, సూక్ష్మబుద్ధితోను కనుగొను ముగ్గురు సెరెండిప్ రాకుమారుల కథ దీనికి ఆధారము. సెరెండిప్ అనగా సింహళము. అరబ్బుల నోట ‘సరందీబ్’ అయిన ఆ నామమునకు మూలము సంస్కృతమందలి ‘సింహళద్వీపము’.

ఇక సంస్కృతమున ఈ భావమును తెలుపు పదములు ప్రాచీనములు. పాణిని మహర్షి అష్టాధ్యాయి ఆఱవ అధ్యాయమున ‘ఆశ్చర్య’ శబ్దమును ‘అనిత్య’ అను అర్థమున సాధించెను. ఇచ్చట అనిత్యమనగా నిత్యము జరుగనిది, అరుదుగా కనబడునది అని గ్రహింపవలెను. యాస్కాచార్యుడు నిరుక్తమున ‘అద్భుతము’ను మునుపెన్నడును లేనట్టిదిగా వివరించెను. చిరునవ్వును తెలుపు ‘స్మి’ ధాతువు నుండి ‘విస్మయము’ పుట్టినది. భరతముని దానిని అద్భుతరసమునకు స్థాయిభావముగా నిర్ణయించెను. ఆశ్చర్యము తెలుగున అచ్చెరువైనది; అద్భుతము అబ్బురమైనది.

పాణిని చెప్పిన అర్థమునకు పలమనేరు, కుప్పము అడవులే నిదర్శనము. సుమారు 200 సంవత్సరములు ఏనుగులు లేని ఈ సీమకు 1980వ దశకమున అవి పొరుగు రాష్ట్రముల నుండి తరలివచ్చినవి. గజమును గణపతి స్వరూపముగా కొలుచు జనులకు అది అక్షరాలా అద్భుతము. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. క్రమముగా ఏనుగుల రాక నిత్యమైనది. పంటలు నలిగినవి, మనుష్యులును, ఏనుగులును ప్రాణములు కోల్పోవుట జరిగినది. నాటి అచ్చెరువు నేడు రాత్రి కావలి కాయు రైతునకు భయమైనది.

నిత్యమైనది ఆశ్చర్యము గొలుపదన్నచో, నిత్యమైన ఆత్మను భగవద్గీత రెండవ అధ్యాయము 29వ శ్లోకమున ఆశ్చర్యమని ఏల వర్ణించినది? శంకర భగవత్పాదుల భాష్యము ఈ సందేహమును తీర్చును. మునుపు చూడబడనిది, అకస్మాత్తుగా గోచరించునది ఆశ్చర్యమని వారు వివరించిరి. ఆత్మను దర్శించువాడే ఆశ్చర్యతుల్యుడనియు, అట్టివాడు అనేక సహస్రములలో ఒక్కడనియు మఱియొక అర్థమును చూపిరి. కఠోపనిషత్తు సైతము ఆత్మను బోధించువానిని, తెలిసికొనువానిని ఆశ్చర్యమనియే పేర్కొన్నది.

కనుక ఆత్మ నిత్యమే. అరుదైనది దాని దర్శనము. సెరెండిప్ రాకుమారులు వెదకనిదానిని దారిలో కనుగొనిరి. సాధకుడు వెదకునది ఏనాడును అతనిని విడిచి ఉండలేదు. అది తెలిసిన క్షణమున కలుగునదే నిజమైన విస్మయము.