బ్యాలెట్ బటన్ వెనుక బుల్లి కంప్యూటరు



హైదరాబాదులో కంప్యూటరు అనగానే మన పిల్లలు హైటెక్ సిటీనే చూపిస్తారు. అక్కడి సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయిగారు ప్రారంభించింది 1998 నవంబరు 22న. అంతకు మూడు దశాబ్దాల ముందే, 1967లో, నగరానికి ఆ చివర కుషాయిగూడ వైపు ఇ.సి.ఐ.ఎల్. వెలిసింది. దానికి ఆద్యులైన ఎ.ఎస్. రావుగారి పేరుతోనే ఆ పక్కన ఒక నగర్ ఉంది.

ఈ సంస్థ 1979లో ఓటింగు యంత్రం నమూనా తయారుచేసింది. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాల్లో యంత్రాలతో తొలిసారి ఓట్లు పడ్డాయి. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా యంత్రాలే. ఎలక్షన్ డ్యూటీలో మనలో చాలామందిమి ఆ పెట్టెలు మోసినవాళ్లమే.

ఆ పెట్టెలో పనిచేసేది మైక్రోకంట్రోలర్. అంటే ఒకే చిప్‌లో ఇమిడిన బుల్లి కంప్యూటరు. పోలింగు అధికారి 'బ్యాలెట్' నొక్కితే అది ఒకే ఒక్క ఓటుకు దారి ఇవ్వాలి. ఓటరు నీలి బటన్ నొక్కగానే ఎర్రదీపం వెలగాలి, బీప్ మోగాలి, మరో ఓటు పడకుండా దారి మూసుకోవాలి. ఏ పని ఎప్పుడు జరగాలో అప్పుడే జరగాలి. దీనినే రియల్ టైమ్ అంటారు. పైగా అందులోని ప్రోగ్రామును ఒక్కసారే ఎక్కిస్తారు. తర్వాత దిద్దుబాటు లేదు. సర్వీసు రిజిస్టరులో కొట్టివేతలు కూడదన్న మన నియమం కన్నా ఇది కఠినం!

ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు ఈ విద్యనే ఆర్డ్యునో అనే చిన్న బోర్డు మీద నేర్చుకుంటోంది. విద్యార్థుల కోసం 2005లో ఇటలీలో పుట్టిన బోర్డు అది. స్విచ్ ఒక్కసారే నొక్కినా లోపలి లోహపు రేకులు కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయట. చిప్ దానిని పలుమార్లు నొక్కినట్టు లెక్కపెట్టవచ్చు. అందుకే కాస్త ఆగి, మళ్లీ చూసి, అప్పుడు లెక్కించమని ప్రోగ్రాములో రాయాలి. ఒక్క నొక్కుకు ఒక్క లెక్క అన్నమాట నిలబెట్టడానికే ఇంత జాగ్రత్త కావాలి. ఇది తీగలు కలిపి, చేత్తో చేసి చూస్తేనే ఒంటబడుతుంది.

ఇలా చేసి చూసేవారి కోసమే రాయదుర్గంలో రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన టి-వర్క్స్ 2023 మార్చి 2న ప్రారంభమైంది. నమూనా యంత్రాలు చేసుకోవడానికి పనిముట్లన్నీ అక్కడ ఒకేచోట ఉంటాయి.

మిత్రులారా, అద్దాల మేడల్లో కొలువు ఒక్కటే కంప్యూటరు చదువుకు గమ్యం కాదు. మనవలు ఇంట్లో తీగలు, బల్బులు పరుచుకొని కూర్చుంటే "దీనికి జీతం ఎంత?" అని అడగకండి. "ఇది ఎలా వెలుగుతోంది?" అని అడగండి. చెప్పడానికి వాళ్లకూ ఉత్సాహం, వినడానికి మనకూ కాలక్షేపం.