తెలుగు బైబిలునందలి విందు: నంద్యాల, ఆళ్లగడ్డ సీమల శ్రోత

ఒక గ్రంథము పరభాషలోనికి వచ్చునపుడు అందలి కొలపాత్రలు, వంటకములు, భోజనపు వరుసలు సైతము క్రొత్తనేల రంగు పూసికొనును. డెగ్రాంజి, ఆనందరాయరు కలసి తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినది మొదలు తెలుగు బైబిలునకు నిట్టి పరిణామమే కలిగినది. అనువాదచరిత్ర నంతయు నిక్కడ చెప్పబూనలేదు. విందునకును ఆతిథ్యమునకును సంబంధించిన కొన్ని మాటలను మాత్రము గ్రహించి, అవి నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలోని శ్రోతల కెట్లు తోచియుండునో విచారింతుము.

ఆదికాండమున అబ్రాహాము మమ్రేలోని సింధూరవృక్షముల నీడను ముగ్గురు బాటసారులను చూచి పరుగెత్తి ఎదురేగును. కాళ్లకు నీళ్లిచ్చి, లేగదూడను వండించి, వారు భుజించుచుండగా తాను చెట్టుక్రింద నిలుచును. ఈ ఘట్టమున శారా పిసికిన పిండికి తెలుగు బైబిలు చెప్పు కొలత మూడు మానికలు. మూలమున నున్నది ‘సేయా’ యను హెబ్రీకొలత. అది సుమారు 7 లీటర్లు. మూడు సేయాలనగా ముగ్గురికి కాదు, ఒక చిన్న పెండ్లికి చాలు పిండి. ‘కొంచెము రొట్టె తెత్తు’నని అతడు వినయముగా పలికిన మాటకును ఈ రాశికిని గల వ్యత్యాసమే కథలోని చమత్కారము. మానిక అంతకంటె మిక్కిలి చిన్నది కావున తెలుగు శ్రోత కీ చమత్కారము దక్కలేదు. అంతకంటె విశేషమొకటి కలదు. సువార్తలో పులిసినపిండి ఉపమానమున వచ్చు కొలతయు ఈ సేయాయే, గ్రీకురూపములో. అక్కడ మనవారు మూడు ‘కుంచములు’ అన్నారు. నాలుగు మానికలొక కుంచము. మూలమున ఒకే కొలతయై శారా పిండిని గుర్తునకు తెచ్చు మాట, తెలుగున రెండు పాత్రలుగా చీలి ఆ జ్ఞాపకమును పోగొట్టుకొన్నది. దీనిని తప్పని నిందింపము. తూము, కుంచము, మానిక వాడుకొను పల్లెకు సేయా యన్న నేమి తెలియును?

పులియని రొట్టెల పండుగ విషయమును ఇట్టిదే. జొన్నరొట్టె తిను ఈ సీమలో రొట్టె యన్నంతనే పులియనిదే. పస్కానాటి రొట్టెకు దినదినపు రొట్టెతో గల భేదమును బోధకుడు ప్రత్యేకముగా వివరింపవలసినదే. కాళ్లకు నీళ్ల సంగతి యట్లు కాదు. పరిసయ్యుడైన సీమోను తన యింటి అతిథికి నీళ్లీయలేదను మాటలోని అవమానము వ్యాఖ్యానము లేకయే తెలుగువాని కందును.

అన్నిటికంటె బరువైన మాట ‘పంక్తి’. ఐదువేలమందికి ఆహారము పెట్టిన ఘట్టమున జనులు పంక్తులు తీరి కూర్చుండిరని మార్కు సువార్త తెలుగు చెప్పుచున్నది. గ్రీకుమూలమున నున్న మాటకు కూరమడులని అర్థము. మనభాషలో పంక్తి యన్నది సహపంక్తి, పంక్తిబాహ్యుడు అను మాటలతో పెరిగినది. ఎవరు ఎవరితో కూర్చుండరాదో తెలుపునది. (మూలము ననుసరించి ‘మడులు’ అనియే వ్రాసిన యెడల ఆ చిక్కు మరియొక రూపమున వచ్చెడిదేమో!) కులమడుగకయే పదుగురిని కూర్చుండబెట్టిన కథను, కులము నడుగు మాటతోనే చెప్పవలసివచ్చినది.

పస్కాయును అందరికి తెరచిన విందు కాదు. సున్నతి లేనివాడు దానిని తినరాదని నిర్గమకాండము విధించినది. ద్వితీయోపదేశకాండమో, పండుగ సంతోషములో దాసదాసీలను, పరదేశిని, తండ్రి లేనివానిని, విధవరాలిని చేర్చుకొనుమన్నది. ఈ రెండు ధోరణుల పెనుగులాట అంతియొకయలో అన్యజనుల పంక్తినుండి పేతురు వెనుదీసినపుడు బయటపడెను. పౌలు అతని నెదురుగా గద్దించెను.

ఆళ్లగడ్డ చెంతనున్న ముత్యాలపాడు 19వ శతాబ్ది నడుమ ఎస్.పి.జి. మిషనునకు కేంద్రమైనది. చేరినవారిలో అధికులు ఊరి వెలుపలి వాడలవారు. వీరికి అన్నము ఉపమానము కాదు. 1866 కరువులో సమీపమున ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నము పెట్టించెను. విక్టోరియా రాణి పేర బంగారుపతకము నందుకొనెను. పదియేండ్లకు వచ్చిన ధాత కరువు (1876-78) కర్నూలు జిల్లాను కుదిపివైచినది. వీధులలోని బీదలను పిలిపించిన గృహస్థుని ఉపమానము వినునపుడు ఇక్కడివారికి వెంగళరెడ్డి గంజికుండలు స్ఫురించియుండు ననుట మా ఊహ. దీనికి వ్రాతసాక్ష్యము చూపజాలము.

చేరినవారిలోను మాల, మాదిగల నడుమ సహభోజనము లేకుండెను. ప్రభురాత్రి భోజనమున ఒకే రొట్టె, ఒకే పాత్ర. సంస్కారము పేర నోటికందిన పాత్రను ఇంటి గడపలో నిరాకరించుట యెట్లు? 1912లో డోర్నకల్ బిషప్పైన వేదనాయకము శామ్యూల్ అజరయ్య సంఘములో కులభేదమును గట్టిగా ఖండించెను. నంద్యాల ప్రాంతము పిదప ఆ పీఠము క్రిందికే వచ్చినది. బల్లచెంత కలిసినవారు విందుపంక్తిలోను వియ్యములోను వెంటనే కలిసిరని మాత్రము చెప్పరాదు.

1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు నంద్యాల ఆంగ్లికనులు అందు చేరలేదు. బిషప్పుచే అభిషిక్తుడు కానివాడు ఆ బల్లయొద్ద నిలువవచ్చునా యన్నది నాటి ప్రధానమైన ఆక్షేపములలో నొకటి. 1963లో నంద్యాల ప్రత్యేక పీఠమైనది. 1975లో ఆ సంఘమున చేరినది.