విందుబల్ల దగ్గర మధ్యగోడ: సైబరాబాద్ సంఘాల సాక్ష్యంతో మెక్‌గావ్రన్ సిద్ధాంత పునఃపరిశీలన

ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం మీద తెలుగులో వచ్చే వ్యాఖ్యానాలతో నాకు చాలాకాలంగా ఒక పేచీ ఉంది. మధ్యగోడ కూలిందని, యూదులూ అన్యజనులూ ఒకే ఇంటివారయ్యారని, దేవుని రాజ్యానికి ఎల్లలు లేవని నాలుగు పేరాలు రాస్తారు. ఆ గోడను ఆత్మీయ విషయం చేసి పైకి ఎత్తేసి, కింద ఉన్న మనుషుల జోలికి రాకుండా ముగిస్తారు. యూదులు మన ఊళ్ళలో లేరు గనుక ఆ తగాదా మనది కాదన్న ధీమా వాటిలో కనిపిస్తుంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఆరాధనలకు వెళ్తూ, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నిలబడి చూస్తూ వచ్చిన నాకు తట్టింది వేరు. ఆ తగాదా మొదట్నుంచీ అన్నం దగ్గరి తగాదా. అలా చదివితే కొత్త నిబంధనలో తెలుగువాళ్ళకు అంతకన్నా దగ్గరి భాగం లేదు.

ముందు గోడ సంగతి. యెరూషలేము దేవాలయంలో అన్యజనులు ఎక్కడిదాకా రావచ్చో చెప్పే రాతి కంచె నిజంగానే ఉండేది. దాటినవాడు తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో హెచ్చరించే శిలాఫలకాన్ని 1871లో క్లెర్మాన్ గానో కనుగొన్నాడు. అది ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. పౌలును దేవాలయంలో పట్టుకుని కొట్టినప్పుడు వేసిన నేరం కూడా ఆ కంచె గురించే: త్రోఫిము అనే మనిషిని లోపలికి తెచ్చాడన్నారు. ఆ త్రోఫిముది ఎఫెసు. ఎఫెసువారికి రాసిన ఉత్తరంలో మధ్యగోడ మాట రావడం కాకతాళీయమని ఎవరైనా అంటే నేను నమ్మను.

అయితే కంచె దేవాలయానికే పరిమితం. ఇళ్ళలో ఆ పని చేసింది భోజనం. కొర్నేలీ ఇంటినుంచి పేతురు తిరిగివచ్చాక యెరూషలేములోని సున్నతి పక్షంవారు ఏమని నిలదీశారో చూడండి. అన్యజనులకు బాప్తిస్మం ఎందుకిచ్చావని కాదు, వాళ్ళ ఇంటికి పోయి వాళ్ళతో కలిసి తిన్నావేమని. అంతియొకయలో అదే పేతురు అన్యజనులతో భోంచేస్తూ, యాకోబు దగ్గరనుంచి మనుషులు వచ్చేసరికి పంక్తిలోంచి లేచి పక్కకు తప్పుకున్నాడు. బర్నబా కూడా అతని వెంటే జారుకున్నాడు. పౌలు అందరి ఎదుటా ముఖం మీదే అడిగేశాడు. విశ్వాసం చేత నీతిమంతులవడమనే మహాసిద్ధాంతాన్ని గలతీ పత్రికలో పౌలు ఎత్తుకునేది సరిగ్గా ఈ గొడవ చెప్పిన వెంటనే. యేసు దేవుని రాజ్యాన్ని వర్ణించినప్పుడూ అంతే. తూర్పునుంచీ పడమటినుంచీ జనం వచ్చి అబ్రాహాముతో పాటు భోజనానికి కూర్చుంటారన్నాడు. సింహాసనాల ఊసు తక్కువ, పంక్తి ఊసు ఎక్కువ.

ఇక నా అసలు తగువు డొనాల్డ్ మెక్‌గావ్రన్‌తో. ఆయన మనకు పరాయివాడు కాడు. 1897లో దమోహ్‌లో పుట్టి, మధ్య భారతంలోనే మిషనరీగా పనిచేసి, పికెట్ అనే మిషనరీ 1933లో దళితుల సామూహిక మతాంతరీకరణ మీద ప్రచురించిన అధ్యయనాన్ని ఒంటపట్టించుకున్నవాడు. 1955 నాటి ‘ద బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్’లోనూ, 1970 నాటి ‘అండర్‌స్టాండింగ్ చర్చ్ గ్రోత్’లోనూ ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: మనుషులు తమ కులం, భాష, వర్గం దాటాల్సిన పని లేకుండా క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారు, కనుక సంఘాలను సజాతి గుంపులుగానే పెరగనివ్వాలి, కలిసిపోవడం తరవాత వచ్చే ఫలం. దీనికి ఆయన చూపిన తొలి ఉదాహరణ యూదులే. తొలి సంఘం యూదుల మధ్య యూదులదిగానే పెరిగింది, అన్యజనుల అంకం ఆ తరవాతే మొదలైంది అంటాడు. లాటిన్ అమెరికానుంచి రెనే పడియ్య 1982లో దీన్ని ఖండించాడు. మిగతావాళ్ళ చర్చలోకి నేను పోను. మన పాస్టర్ల శిక్షణ తరగతుల్లో మాత్రం పేరు చెప్పకుండా నడిచేది మెక్‌గావ్రన్ మాటే.

ఆయన సూత్రానికి అడ్డొచ్చే అధ్యాయం ఒకటుంది: అపొస్తలుల కార్యములు ఆరు. అప్పటికి అన్యజనులెవరూ సంఘంలో లేరు. ఉన్నది యూదులే. అయినా గ్రీకు మాట్లాడే యూదులకూ హెబ్రీ యూదులకూ మధ్య సణుగుడు బయల్దేరింది. దేనికి? అనుదిన పంపకంలో గ్రీకు పక్షపు విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని. మళ్ళీ అన్నమే. మెక్‌గావ్రన్ సూత్రం ప్రకారమైతే అపొస్తలులు రెండు సంఘాలు, రెండు వంటశాలలు పెట్టించాలి. వాళ్ళు అలా చేయలేదు. వడ్డన అప్పగించడానికి ఏడుగురిని ఏర్పరచుకోమని శిష్యులతో చెప్పారు. ఏడుగురివీ గ్రీకు పేర్లే, అందులో నికొలాసు అంతియొకయనుంచి యూదమతంలో కలిసినవాడు. అంటే అలిగినవాళ్ళ చేతికే గరిటె ఇచ్చారు. సజాతి గుంపు అని ఆయన చూపిన యెరూషలేము సంఘమే సజాతి కాదన్నమాట.

మెక్‌గావ్రన్ తరహా ఎదుగుదలకు తెలుగునేల కన్నా పెద్ద ప్రయోగశాల లేదు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మొదట ఆసక్తి చూపిన పైకులాలవాళ్ళు, మాదిగ విశ్వాసి ఎర్రగుంట్ల పేరయ్య వెంట అతని కులంవాళ్ళు రావడం చూసి వెనక్కి తగ్గారు. క్లౌ, ఆయన భార్య హ్యారియట్ వేర్వేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే, బలహీనులను దేవుడు ఏర్పరచుకున్నాడనే ఒకే కొరింథీ భాగం ఇద్దరికీ తగిలిందట. వాళ్ళు మాదిగల పక్షాన నిలబడ్డారు. ధాతు కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి చూపించిన క్లౌ, కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ నిలబడటాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కానీ ఫలితం చూడాలి. ఒంగోలు బాప్టిస్టు సంఘాలు ప్రధానంగా మాదిగలవి అయ్యాయి. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువయ్యారు. మెదక్ పల్లెల్లో ల్యూక్, కార్మన్ చేసిన అధ్యయనం 1968లో అచ్చయింది. అక్కడ రెండు కులాలూ ఒకే మిషనులో ఉన్నా పేటలు వేరుగానే ఉన్నాయి. మెక్‌గావ్రన్ చెప్పిన ఆ ‘తరవాత’ కోసం గుండ్లకమ్మనుంచి లెక్కేస్తే నూటయాభై ఏళ్ళు కావస్తోంది.

మిషన్ల వారీగా సాగిన ఈ విభజన గుర్తు సైబరాబాద్‌లో నేటికీ వినిపిస్తుంది. కొత్తగా సహవాసానికి వచ్చిన కుర్రాణ్ణి పెద్దాయన భుజం మీద చెయ్యేసి అడుగుతాడు: “ఊళ్ళో మనది ఏ మిషను బాబూ?” బాప్టిస్టు అంటే ఒక అర్థం, లూథరన్ అంటే ఇంకో అర్థం, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషను) అంటే మూడో అర్థం. కులం పేరు ఎత్తకుండా కులం తెలుసుకునే మర్యాద అది. అడిగేవాడికి చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. జవాబు చెప్పేవాడి గొంతు మాత్రం సన్నబడుతుంది.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటినుంచి ఈ వైపు చేరిన క్రైస్తవులు ఒక జిల్లావాళ్ళు కారు, ఒక మిషనువాళ్ళూ కారు. ప్రకాశం, గుంటూరు, గోదావరి, ఖమ్మం, మెదక్. కోడ్ రాసేవాళ్ళు, వాళ్ళ అంతస్తులు తుడిచేవాళ్ళు, గేటు కాసేవాళ్ళు, క్యాబులు నడిపేవాళ్ళు. 2005లో మొదలై ఇప్పుడు హఫీజ్‌పేటలో ఉన్న కల్వరి టెంపుల్ లాంటి మహాసంఘాలు ఒక ఎత్తు. నా ఆసక్తి వాటి మీద కాదు. షట్టరు గదుల్లో, స్కూలు ఆడిటోరియాల్లో, ఫంక్షన్ హాళ్ళలో ఆదివారం ఆదివారం కుర్చీలు పరుచుకునే చిన్న సంఘాల మీద.

ఇక్కడ గోడ వేళల రూపంలో లేచింది. పొద్దున్నే తెలుగు ఆరాధన: డ్యూటీకి పోవాల్సిన సెక్యూరిటీవాళ్ళు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు, యూనిఫాం సంచిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు. పదిన్నరకు ఇంగ్లీషు ఆరాధన: గిటారు, స్క్రీను మీద పాటలు, కాఫీ. పాస్టరు ఒకరే, ప్రసంగం ఒకటే, ప్రభువు బల్ల ఒకటే. ఒక గుంపు దిగే మెట్ల మీద ఇంకో గుంపు ఎక్కుతుంది. షిఫ్టులూ పార్కింగూ అలా చేయిస్తున్నాయని నిర్వాహకులు అంటారు, అందులో కొంత నిజం ఉంది. కానీ పేతురు కూడా అంతియొకయలో ఎవరినీ పొమ్మనలేదు. తాను తినే వేళ మార్చుకున్నాడు, అంతే.

కొండాపూర్ వైపు ఒక సంఘం ఉంది. పేరు ఎందుకు గానీ, ఓ అపార్ట్‌మెంటు పక్క కమర్షియల్ బిల్డింగు సెల్లారులో కూడుకుంటుంది. అక్కడ ఒకే ఆరాధన, తెలుగులో. ఇంగ్లీషు కావాల్సినవాళ్ళకు చెవిలో అనువాదం. ఆరాధన కాగానే మొదటి వరస కుర్చీలు మడిచి గోడకు చేరుస్తారు, పొడవాటి బల్లలు వాలుస్తారు, విస్తరాకులు పరుస్తారు. గుండిగలు జనరేటరు గది పక్కన దిగుతాయి. మెడలో ఆఫీసు ట్యాగు తీయడం మరిచిపోయిన ఒక టీమ్ లీడు రసం బకెట్టు పట్టుకుని వంగి వడ్డిస్తుంటే, “నాకు సగం గరిటె చాలు తమ్ముడూ” అంటోంది విస్తరి ముందు కూర్చున్న ఆవిడ. వారంలో ఆరు రోజులు ఆమె ఊడ్చేది ఆ అబ్బాయి పనిచేసే టవర్‌నే. నేను చూసినంత సేపట్లో ఆ ఇద్దరిలో ఎవరూ దాన్ని విశేషంగా తీసుకోలేదు. విశేషమంతా అక్కడే ఉందని నా వాదన. అక్కడికి మైలు దూరంలోని మరో సంఘంలో భోజనం పొట్లాలుగా గేటు దగ్గర చేతికిస్తారు. కార్లున్నవాళ్ళు కార్లలో తింటారు, లేనివాళ్ళు బస్టాపులో. రెండు సంఘాల విశ్వాస ప్రమాణాల్లో అక్షరం తేడా లేదు. దేవుని రాజ్యం గురించి ఒక సంఘం నిజంగా ఏం నమ్ముతుందో తెలియాలంటే దాని వంటశాల చూడాలనే నిర్ణయానికి నేను వచ్చింది ఇక్కడే.

వంటకం గురించీ ఒక మాట. యెరూషలేము సభలో యాకోబు ఇచ్చిన తీర్పులో సున్నతి తప్పించి, విగ్రహాలకు పెట్టినదీ, రక్తమూ, గొంతు పిసికి చంపినదీ మానుకోమన్నారు. కొందరు దాన్ని నీతినియమం అంటారు. నాకు అది ఒకే పంక్తిలో కూర్చోవడానికి కుదిరిన వంటకాల ఒప్పందంలా కనిపిస్తుంది. సైబరాబాద్ సంఘాల విందుల్లో దాదాపు ఎప్పుడూ కోడి బిర్యానీయే. పెద్ద మాంసం కనపడదు. పండగపూట ఇంట్లో ఇష్టంగా వండుకునేవాళ్ళే సంఘంలో దాని ఊసెత్తరు, కమ్మ, రెడ్డి కుటుంబాలనుంచి వచ్చిన విశ్వాసులు పక్కన కూర్చోవాలని. ఏ కమిటీ తీర్మానించలేదు. కోడి చవక అన్న కారణం కూడా ఉండొచ్చు. అయినా ఇది మన యెరూషలేము తీర్పేనని చెప్పడానికి సందేహించను. తేడా ఒకటే. యెరూషలేములో సర్దుకోమన్నది కొత్తగా వచ్చిన అన్యజనులను. ఇక్కడ సర్దుకుంటున్నది ముందునుంచీ ఉన్న మాదిగలు, మాలలు.

ఇలా సర్దుకోకుండా వేరే దారి పట్టినవాళ్ళు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కనిపిస్తారు. యాకోబి సోదరుల నాయకత్వంలో అక్కడి మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఇశ్రాయేలు గోత్రమైన ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించుకుని, 1990ల ఆరంభంనుంచి సమాజమందిరం నడుపుతున్నాయి. వాళ్ళ మీద ఎగోరోవా, పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. మాదిగల భోజనపు అలవాట్లనూ ఖనన సంప్రదాయాన్నీ తమ ఇశ్రాయేలు మూలానికి రుజువులుగా ఆ సముదాయం చూపుకుంటుంది. క్రైస్తవంలో అన్యజనులుగా లోపలికి వచ్చిన కుటుంబాలు యూదులుగా బయటికి నడిచాయి. ఊరు చిన్నదని, జనం కొద్దిమందేనని కొట్టిపారేయడం తేలిక. సజాతి సంఘంలో కులం కరగలేదని ఇంతకన్నా గట్టిగా చెప్పిన సాక్షి నాకు దొరకలేదు.

కలిసి తినడం ఈ నగరానికి కొత్త కూడా కాదు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన సువార్తికుడు భక్తసింగ్ 1950లో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను కేంద్రాన్ని స్థాపించినప్పుడు, లేవీయకాండం పండగల నమూనాలో హోలీ కాన్వొకేషన్లు పెట్టి, వేలమందిని చాపల మీద పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. ఆదివారం ఆరాధన తరవాతి ప్రేమవిందు కూడా హెబ్రోను సంఘాల వాడుకే. ఆ రోజుల్లో ఎవరూ ముందు సజాతి గుంపులుగా పెరిగి తరవాత కలుద్దామనలేదు. మొదటి రోజే కలిపి కూర్చోబెట్టారు, సంఘమూ పెరిగింది. మెక్‌గావ్రన్ ‘ద బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్’ హెబ్రోను కన్నా అయిదేళ్ళు చిన్నది.

పెళ్ళి సంబంధాల మాటేమిటని నన్ను అడుగుతారు. క్రైస్తవ వివాహ ప్రకటనల్లో కులం గడి ఇంకా ఉంది, ఒప్పుకుంటాను. అయితే అంతియొకయలో పౌలు పేతురును నిలదీసింది పెళ్ళి గురించి కాదు. సంఘ చరిత్రలు రాసేవాళ్ళు బాప్తిస్మాల లెక్కలు, మందిరాల కొలతలు ఇప్పటికే కావలసినన్ని రాశారు. ఏ ఆదివారం ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అన్నది ఒక్క సంఘం చిట్టాలోనూ నాకు కనిపించలేదు. ఒంగోలునుంచి గచ్చిబౌలి దాకా యూదుల, అన్యజనుల చర్చకు కావలసిన ఆధారం అదే.