ఈ-బుక్కా? పేపర్ పుస్తకమా?.. ఫోన్‌లో తెలుగు చదివేవాళ్లకు అసలు ఇబ్బంది ఎక్కడుంది?

వాట్సాప్ గ్రూపులో ఎవరో ఓ తెలుగు నవల పీడీఎఫ్ పెడతారు. డౌన్‌లోడ్ చేసి ఓపెన్ చేస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. రెండు వేళ్లతో పెద్దది చేస్తే సగం లైన్ స్క్రీన్ బయటికి పోతుంది. పక్కకి జరుపుతూ, మళ్లీ వెనక్కి లాగుతూ నాలుగు పేజీలు చదివేసరికి విసుగొచ్చేస్తుంది. 'ఎంతైనా పుస్తకం పుస్తకమే' అనుకుని మూసేస్తాం.

నిజానికి ఇక్కడ తప్పు స్క్రీన్‌ది కాదు, ఆ ఫైల్‌ది. ఈ-బుక్‌ని, ప్రింట్ పుస్తకాన్ని పోల్చేటప్పుడు చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. మరి స్క్రీన్ మీద చదివితే నిజంగా తగ్గేదేంటి? తెలుగు ఈ-బుక్స్‌కి ఉన్న సమస్య ఏంటి? డబ్బులు పెట్టి కొన్న ఈ-బుక్ మన సొంతమేనా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ-బుక్‌కి 50 ఏళ్లు దాటాయి

ఈ-బుక్ అనగానే స్మార్ట్‌ఫోన్ గుర్తొస్తుంది. కానీ కథ 1971లోనే మొదలైంది. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లో టైప్ చేసి, ఎవరైనా తీసుకునేలా పెట్టాడు. అదే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌కి తొలి అడుగు.

2007 నవంబర్‌లో అమెజాన్ కిండిల్ వచ్చింది. దీని స్క్రీన్ ఫోన్ స్క్రీన్ లాంటిది కాదు. ఫోన్ వెలుగుని నేరుగా మన కళ్లలోకి పంపిస్తుంది. కిండిల్ లాంటి రీడర్లలో వాడే ఈ-ఇంక్ తెరలో నలుపు, తెలుపు రేణువులు ఉంటాయి. కరెంటు తగలగానే అవి పైకీ కిందికీ కదిలి అక్షరంగా కనిపిస్తాయి. కాగితం లాగే బయటి వెలుగులో చదువుకోవచ్చు. పేజీ మారేటప్పుడు తప్ప ఆ తెరకు దాదాపు కరెంటు ఖర్చు ఉండదు. ఒక్కసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి రావడానికి కారణం ఇదే.

చదివింది బుర్రకెక్కుతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనిపై 2018లో ఓ పెద్ద విశ్లేషణ వచ్చింది. 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 పరిశోధనలను, అంటే 1,70,000 మందికి పైగా పాఠకుల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. ఒకే విషయాన్ని కాగితం మీద చదివినవాళ్లకు స్క్రీన్ మీద చదివినవాళ్ల కంటే కాస్త బాగా అర్థమైందని తేలింది.

ఇందులో గమనించాల్సినవి మూడున్నాయి. ఒకటి, ఈ తేడా పాఠాలు, సమాచారం లాంటి వాటిలోనే కనిపించింది. కథల దగ్గర చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు, టైమ్ పెట్టి చదవమన్నప్పుడు కాగితం ఆధిక్యం ఇంకా పెరిగింది. మూడోది ఆశ్చర్యం కలిగించే విషయం. ఏళ్లు గడిచేకొద్దీ మనకి స్క్రీన్ అలవాటవుతుంది కదా, తేడా తగ్గాలి. కానీ తగ్గకపోగా పెరిగింది.

ఎందుకలా? పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి మన అలవాటు. స్క్రీన్ కనిపిస్తే చాలు, వేలితో తోసుకుంటూ పైపైన చూసేసి 'అర్థమైపోయింది' అనుకుంటాం. పుస్తకం ముందు కూర్చుంటే ఆ తొందర తక్కువ.

కథల విషయంలోనూ ఓ చిన్న మెలిక ఉంది. నార్వే పరిశోధకురాలు ఆన్ మాంగెన్ బృందం 50 మందికి ఒక పెద్ద మిస్టరీ కథ ఇచ్చింది. సగం మంది పుస్తకంలో, సగం మంది కిండిల్‌లో చదివారు. చాలా ప్రశ్నలకు రెండు వర్గాలూ ఒకేలా జవాబు చెప్పాయి. ఏ సంఘటన తర్వాత ఏది జరిగిందో వరసగా పెట్టమన్నప్పుడు మాత్రం కిండిల్ పాఠకులు వెనకబడ్డారు. పుస్తకంలో ఎడమ చేతి కింద చదివిన పేజీలు, కుడి చేతి కింద మిగిలిన పేజీలు ఉంటాయి. కథలో ఎక్కడున్నామో చేతికే తెలుస్తుంది. స్క్రీన్‌లో ఆ గుర్తు ఉండదు.

పడుకునే ముందు మాత్రం జాగ్రత్త

బోస్టన్‌లో 12 మందిపై జరిగిన ఓ అధ్యయనం 2014 చివర్లో బయటికొచ్చింది. వరసగా ఐదు రాత్రులు వెలిగే ట్యాబ్‌లో, మరో ఐదు రాత్రులు ప్రింట్ పుస్తకంలో చదివించారు. ట్యాబ్ చదివిన రోజుల్లో నిద్ర పట్టడానికి దాదాపు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ కూడా తగ్గింది. వాళ్లు రోజూ నాలుగేసి గంటలు చదివారన్నది గుర్తుంచుకోవాలి. పది నిమిషాలు చదివితే ఇంత ప్రభావం ఉంటుందని దీని అర్థం కాదు.

తెలుగు దగ్గరికొస్తే అసలు చిక్కు

అసలైన ఈ-బుక్‌లో అక్షరాలు నీళ్లలా ప్రవహిస్తాయి. ఫాంట్ సైజు పెంచితే లైన్లు వాటంతటవే స్క్రీన్‌కి తగ్గట్టు సర్దుకుంటాయి. పీడీఎఫ్ అలా కాదు. అది ప్రింట్ పేజీకి నకలు. తెలుగులో మనకి దొరికేవి ఎక్కువగా ఈ నకళ్లే.

దీనికి కారణం ఉంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దక్కింది. కానీ మన డీటీపీ సెంటర్లలో పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లలో 'క' అని కనిపించేది కంప్యూటర్‌కి 'క' కాదు, ఇంకేదో గుర్తు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ప్రూఫ్ చూస్తే తప్ప మంచి ఈ-బుక్ తయారవదు. పాత పుస్తకాలైతే స్కాన్ చేసిన ఫొటోలే. వత్తులు, గుణింతాలు కలిసిపోయే మన లిపిని ఫొటో నుంచి తప్పుల్లేకుండా చదవడం సాఫ్ట్‌వేర్‌కీ కష్టమే.

మార్కెట్‌లోనూ తెలుగు వెనకే నిలబడింది. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ లిస్టులో తెలుగు లేదు. ఆ లోటుని కినిగె లాంటి తెలుగు సైట్లు, తెలుగు వికీసోర్స్‌లో ఒక్కో పేజీ టైప్ చేసి సరిదిద్దే వాలంటీర్లు కొంతవరకు పూడ్చారు.

మీ ఫోన్‌లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలా? ఒక పదం మీద వేలు నొక్కి పట్టుకోండి. సెలెక్ట్ అవ్వకపోతే అది ఫొటో. సెలెక్ట్ అయితే కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. గజిబిజి గుర్తులొస్తే చాలావరకు అది పాత ఫాంట్. తెలుగే వస్తే మంచి ఫైల్ దొరికినట్టే.

కొన్నది మీదేనా?

ప్రింట్ పుస్తకం కొంటే అది మీది. ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో అమ్మొచ్చు. ఈ-బుక్ కొంటే చాలా స్టోర్లలో మీకు దక్కేది చదువుకునే పర్మిషన్ మాత్రమే. 2009 జులైలో ఏం జరిగిందో చూడండి. హక్కులు లేని సంస్థ అమ్మిందంటూ జార్జ్ ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' కాపీలను అమెజాన్ కొన్నవాళ్ల కిండిల్స్ నుంచే తీసేసింది. డబ్బులు తిరిగిచ్చినా, తను రాసుకున్న నోట్స్ పనికిరాకుండా పోయాయని ఓ విద్యార్థి కోర్టుకెళ్లాడు. జెఫ్ బెజోస్ కూడా సారీ చెప్పాల్సి వచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసినప్పుడు కూడా కొన్న పుస్తకాలు తెరుచుకోవడం ఆగిపోయాయి. వాళ్లూ డబ్బులు తిరిగిచ్చారు.

మరోపక్క వేటపాలెంలోని సారస్వత నికేతనం లైబ్రరీ మొదలైంది 1918లో. అక్కడ పాత పత్రిక తీసి చదవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

అలాగని కాగితానికి ప్రమాదం లేదని కాదు. 2000 ఆగస్టులో హైదరాబాద్ వరదలప్పుడు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి అరుదైన పుస్తకాలు తడిసిపోయాయి. స్కాన్ కాపీ ఉంటే అక్షరమైనా మిగులుతుంది.

వీళ్లకి ఈ-బుక్కే దిక్కు

కంటిచూపు తగ్గిన అమ్మమ్మకి అక్షరం పెద్దదైతే చాలు. అసలు చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపిస్తుంది. వీళ్లకోసమే 2013లో మర్రకేష్ ఒప్పందం కుదిరింది. దాన్ని అందరికంటే ముందు, 2014లో ఆమోదించిన దేశం మనదే. కానీ ఇక్కడా అదే చిక్కు. ఫోన్‌లోని స్క్రీన్ రీడర్‌కి ఫొటో పీడీఎఫ్ ఖాళీ కాగితంతో సమానం. అందుకే యూనికోడ్ తెలుగు పుస్తకం సౌకర్యం కోసమే కాదు, కొందరికి అదొక్కటే దారి. తెలుగు పుస్తకాల షాపు దగ్గర్లో లేని ఊళ్లలో, దేశాల్లో ఉన్న మనవాళ్లకి కూడా అంతే.

మరి ఏది ఎప్పుడు?

పరీక్షకి చదువుతున్నారా? కాగితమే మేలు. కథ, సరదా నవల అయితే మంచి ఫైల్ దొరికితే ఫోన్‌లోనూ ఇబ్బంది లేదు, నోటిఫికేషన్లు ఆపేస్తే చాలు. పాత పుస్తకం కావాలంటే ముందు ఆన్‌లైన్‌లో వెతకండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి ఆయన రచనలు ఉచితంగా పంచుకోవచ్చు. చలం 1979లో పోయారు, ఆయన పుస్తకాలకు 2039 చివరి వరకు హక్కులున్నట్టే.

కాబట్టి గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌ని ఫార్వర్డ్ చేసేముందు ఒక్క క్షణం ఆగండి. తెలుగులో మంచి ఈ-బుక్స్ రావాలంటే, వాటిని కొని చదివేవాళ్లు కూడా ఉండాలి కదా.