సెకండ్ హ్యాండ్ స్పోర్ట్ టూరింగ్ బైక్ కొంటున్నారా? పక్క రాష్ట్రం బండి అయితే ఈ లెక్కలు ముందే తేల్చుకోండి

కవాసాకి నింజా 1000, వెర్సిస్ 650 లాంటి స్పోర్ట్ టూరింగ్ బైకులు పాతవి కొందామని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వెతికితే పెద్దగా దొరకవు. దొరికినా ధర ఒక పట్టాన దిగదు. దాంతో చాలామంది బెంగళూరు, చెన్నై, కొచ్చి వైపు చూస్తారు. అక్కడ అదే మోడల్ 50, 60 వేలు తక్కువకు కనిపిస్తే మంచి బేరమే అనిపిస్తుంది. కానీ ఆ బండిని మీ పేరు మీదకు, మీ రాష్ట్రం నంబరు మీదకు మార్చుకునే ఖర్చు ఆ ప్రకటనలో ఉండదు. ఆ లెక్క వేయకుండా అడ్వాన్స్ ఇస్తే, తక్కువకు దొరికిందనుకున్న బండే ఖరీదైనది కావచ్చు.

ముందుగా పన్ను సంగతి. మోటారు సైకిళ్లకు లైఫ్ ట్యాక్స్ వసూలు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. కర్ణాటకలో కట్టిన పన్ను తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో చెల్లదు. ఇక్కడ రిజిస్టర్ చేయించుకునేటప్పుడు మళ్లీ కట్టాలి. పైగా ఆ పన్నును మీరు అమ్మినాయనకు ఇచ్చిన డబ్బు మీద లెక్కగట్టరు. బండి కొత్తగా ఉన్నప్పటి ధర, ఇప్పటి వయసు చూసి శాతం నిర్ణయిస్తారు. అసలు ధర పది లక్షలు దాటిన బండికి ఆ శాతం ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. శ్లాబులు అప్పుడప్పుడు మారుతుంటాయి. కాబట్టి మిత్రుడు రెండేళ్ల కిందట ఎంత కట్టాడో అడిగి లాభం లేదు. ఇన్‌వాయిస్ కాపీ, ఆర్‌సీ కాపీ తీసుకుని మీ ఆర్టీవో కార్యాలయంలో కనుక్కున్నాకే బేరం మాట్లాడండి. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి పన్ను వాపసు అడగవచ్చు. అయితే అది ఎవరి ఖాతాలోకి రావాలో అమ్మినవారితో ముందే మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి. వాపసుకు సమయం పడుతుంది. అది చేతికొచ్చేదాకా దాన్ని మీ డబ్బుగా లెక్కేయకండి.

'ఏడాది వరకు పాత నంబరుతోనే తిరగవచ్చు కదా' అని అమ్మేవారు చెబుతుంటారు. ఇది సగం నిజం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఉద్యోగం మారి సొంత బండితో వచ్చినవారికి ఆ గడువు ఉపయోగపడుతుంది. మీరు కొనుక్కున్నారు, అంటే యజమాని మారారు. దానికి సెక్షన్ 50 వర్తిస్తుంది. కొన్నవారు 30 రోజుల్లోగా తాము నివసించే చోటి ఆర్టీవోకు తెలియజేయాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రం బండి అయితే 45 రోజుల్లో తమ వంతు పూర్తిచేయాలి.

పక్క రాష్ట్రం బండికి అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఎన్‌వోసీ. దీనికి ఫారం 28లో అమ్మేవారే తమ ఆర్టీవోలో దరఖాస్తు చేయాలి. అందులో బండి ఏ ఆర్టీవోకు వెళ్తోందో రాస్తారు. అక్కడ మీ చిరునామా పరిధిలోని కార్యాలయమే ఉండాలి. ఖైరతాబాద్ పరిధిలో ఉంటూ మేడ్చల్ పేరిట ఎన్‌వోసీ తెచ్చుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. బండి మీద ఫైనాన్స్ ఉంటే ముందు బ్యాంకు నుంచి ఫారం 35, బాకీ లేదన్న లేఖ తెప్పించి, ఆర్‌సీలో ఆ పేరు తీయించాలి. 'లోన్ ఎప్పుడో తీరిపోయింది' అన్న మాట చాలదు. ఆర్‌సీలో బ్యాంకు పేరు కనిపిస్తున్నంత కాలం ఫైలు ముందుకు కదలదు. ఆ తర్వాత ఇక్కడ ఫారం 29, 30తో యాజమాన్య మార్పిడికి, ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు ఉంటుంది. బండిని కార్యాలయానికి తీసుకెళ్లి చూపించాలి. ఛాసిస్, ఇంజిన్ నంబర్ల పెన్సిల్ ప్రింట్ అడుగుతారు.

ఇక్కడే మరో చిక్కు. టూరింగ్ బైకులకు సైలెన్సర్ మార్చడం, రంగు మార్చడం మామూలే. ఆర్‌సీలో నీలం అని ఉండి ఎదురుగా నల్లబండి నిలబడితే తనిఖీ దగ్గరే ఆగిపోతారు. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ అయితే దారిలో పోలీసులతోనూ తిప్పలే. కంపెనీ సైలెన్సర్, అద్దాలు, ఇండికేటర్లు అమ్మేవారి దగ్గర ఉన్నాయా అడిగి, బండితోపాటే తెచ్చుకోండి. తర్వాత విడిగా కొనాలంటే ఈ బండ్ల విడిభాగాల ధరలు గుండె గుభేల్మనిపిస్తాయి.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి 'మీకు వీలున్నప్పుడు మార్చుకోండి' అనడం మన దగ్గర పాత అలవాటు. దీనివల్ల ఇద్దరికీ నష్టమే. ఇలా చేతులు మారిన ఒక కారు ప్రమాదానికి కారణమైన కేసులో, రికార్డుల్లో ఎవరి పేరుందో ఆయనే యజమాని అని, పరిహారం బాధ్యత ఆయనదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఆ కారును ఎప్పుడో అమ్మేశారు, అది తర్వాత మరికొన్ని చేతులు కూడా మారింది. ఈ తీర్పు సంగతి అమ్మేవారికి చెప్పండి. పేరు మార్పిడికి మీకంటే ఆయనే తొందరపడతారు. మీ వైపు నష్టం వేరు. ఆన్‌లైన్ దరఖాస్తులో చాలాచోట్ల అమ్మినవారి ఆధార్‌కు జోడించిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆరు నెలల తర్వాత ఆయన ఫోన్ ఎత్తకపోతే మీరు చేయగలిగింది తక్కువ. అందుకే ఎన్‌వోసీ చేతికొచ్చేదాకా కొంత మొత్తం ఆపి ఉంచుకోవడం మంచిది. అడ్వాన్స్ ఎంత, మిగతాది ఎప్పుడు అన్నది రాసుకుని, డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి.

డీలరు దగ్గర కొంటే? పాత వాహనాలు అమ్మే డీలర్లు ఆర్టీవో నుంచి ఫారం 29బీలో అధీకృత పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. అడిగి చూడండి. చూపించకుండా మాట మార్చితే అతను మధ్యవర్తి మాత్రమే. రేపు సమస్య వస్తే మీరు వెతుక్కోవాల్సింది అసలు యజమానినే.

బీమా విషయంలో ఎక్కువమంది పొరబడేది ఒక్కచోటే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. అమ్మేవారు 'ఇన్సూరెన్స్ ఇంకా రెండేళ్లు ఉంది' అంటే అది బహుశా ఇదే. మీ బండికి దెబ్బ తగిలినా, దొంగతనం జరిగినా డబ్బు ఇచ్చేది ఓన్ డ్యామేజ్ పాలసీ. దాని గడువు విడిగా చూడాలి. కొన్న 14 రోజుల్లో బీమా మీ పేరు మీదకు మార్చమని కంపెనీకి దరఖాస్తు చేయాలి. అలా మార్చుకోకుండా లక్షల బండి పడిపోతే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవారిది. బండితో మీకు రాదు. కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది.

అడ్వాన్స్‌కు ముందు ఇంట్లో కూర్చునే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. పరివాహన్‌లో నంబరు కొట్టి ఆర్‌సీ స్థితి, ఫైనాన్స్, బీమా గడువు చూడండి. తెలంగాణ బండి అయితే రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లోనూ చూడాలి, ఎందుకంటే ఆ రాష్ట్రం చాలా ఏళ్లు సొంత వ్యవస్థతోనే నడిచింది. ఆ నంబరు మీద చలాన్లు ఉంటే అన్నీ అమ్మేవారే కట్టాలి. 'రాయితీ ఇచ్చినప్పుడు కట్టుకోవచ్చులే' అంటే ఒప్పుకోకండి. తెలంగాణలో 2022లో, 2023 చివర్లో అలాంటి రాయితీలు వచ్చిన మాట నిజమే, మళ్లీ వస్తాయన్న హామీ మాత్రం లేదు. ఎన్‌సీఆర్‌బీ వారి వాహన్ సమన్వయ్‌లో ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఇచ్చి దొంగ బండి అవునో కాదో తెలుసుకోవచ్చు.

బండిని నేరుగా చూసేటప్పుడు ఉదయాన్నే వెళ్లి, ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయమనండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే కారణం అడగండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. మీటరు ఎనిమిది వేలే చూపిస్తుంటే, టైర్లు మాత్రం బండి కంటే మూడేళ్లు కొత్తవైతే, ఆ మీటరును నమ్మే ముందు సర్వీస్ సెంటర్లో రికార్డు తీయించండి. ముందు ఫోర్కుల నుంచి నూనె కారుతోందా, రెండు పక్కలా లగేజీ పెట్టెలు బిగించే చోట పగుళ్లు, వెల్డింగ్ మచ్చలు ఉన్నాయా చూడండి. హ్యాండిల్‌ను ఒక కొస నుంచి మరో కొసకు తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. మీకు తెలిసిన మెకానిక్‌కు ఆ ఊరి దాకా ప్రయాణ ఖర్చులిచ్చి తీసుకెళ్లినా నష్టం లేదు. ఒక్క ఫెయిరింగ్ ముక్క ధర అంతకంటే ఎక్కువే ఉంటుంది.

బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్‌తో పాటు ఎన్‌వోసీ, అమ్మకపు ఒప్పందం కాపీలు కూడా వెంట ఉంచుకోండి. సరిహద్దు చెక్‌పోస్టులో ఆపితే, ఆర్‌సీలో ఉన్న పేరు మీది కాదు కాబట్టి ముందు అడిగేది ఆ రెండింటినే.