ఇంటి బీమా తీసుకునే ముందు: రిస్క్, పెరిల్, హజార్డ్ అంటే ఏంటి?

ఉర్దూలో ఖత్రా, తెలుగులో ప్రమాదం. రోజువారీ మాటల్లో ఈ ఒక్క మాటతోనే పని జరిగిపోతుంది. బీమా కాగితాల్లో మాత్రం దీన్ని రిస్క్, పెరిల్, హజార్డ్ అని మూడుగా విడదీస్తారు. క్లెయిమ్ వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ఈ తేడా దగ్గరే తేలుతుంది.

నష్టం జరగొచ్చు, జరగకపోవచ్చు. ఆ అనిశ్చితి పేరు రిస్క్. నష్టాన్ని నేరుగా తెచ్చేది పెరిల్: మంట, పిడుగు, తుపాను, వరద, భూకంపం లాంటివి. ఆ పెరిల్ వచ్చే అవకాశాన్ని గానీ, వచ్చాక జరిగే నష్టాన్ని గానీ పెంచే పరిస్థితి హజార్డ్.

పల్నాడు జిల్లా అచ్చంపేట మండలాన్నే తీసుకుంటే, ఇది కృష్ణా ఒడ్డున ఉంది. ఎగువన 45.77 టీఎంసీల పులిచింతల ప్రాజెక్టు. 2021 ఆగస్టు 5న ఆ ప్రాజెక్టు 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు దిగువన ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. అలాంటి వరద పెరిల్. ఇల్లు ఏటి పల్లంలో ఉండటం, పునాది ఎత్తు తక్కువ కావడం హజార్డ్. వరద అందరికీ ఒక్కటే, మెరక మీద ఇల్లున్నవాళ్లకు హజార్డ్ తక్కువ.

ఇంటి లోపలా ఇంతే. మిర్చి, పత్తి పండే ఊళ్లివి. ఒక గదిలో పత్తి పోసి, పైన పాత వైరు లూజుగా వేలాడుతుంటే రెండూ హజార్డులే. నిప్పంటుకుంటే ఆ మంట పెరిల్. మనుషుల తీరు కూడా లెక్కలోకి వస్తుంది. డబ్బుల కోసం నష్టాన్ని కావాలని చేయడం, పెంచి చెప్పడం మోరల్ హజార్డ్. "బీమా ఉందిలే" అని జాగ్రత్త మానేయడం మొరేల్ హజార్డ్. మొదటిది మోసం. రెండోది మంచివాళ్లలోనూ కనబడుతుంది.

ప్రీమియం కట్టేటప్పుడు కంపెనీ హజార్డ్ చూస్తుంది, క్లెయిమ్ అడిగినప్పుడు పెరిల్ చూస్తుంది. గోడ కూలిందనుకోండి. వరద నీరు చేరి కూలితే పరిహారం అడగొచ్చు. ఏళ్ల తరబడి చెమ్మ పట్టి, నాని కూలితే అది అరుగుదల కింద పోతుంది, పాలసీ ఇవ్వదు. అందుకే నీళ్లు తగ్గాక ఇల్లు కడిగేసే ముందే గోడ మీద నీటి గుర్తు కనిపించేలా తేదీతో ఫొటోలు తీసుకోవాలి, కంపెనీకి వెంటనే చెప్పాలి.

ఇళ్ల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. మంట, వరద, తుపాను, భూకంపం, అల్లర్లు అన్నీ ఇందులో వస్తాయి. ఇంటికి తీసుకుంటే సామానుకు కూడా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు దానంతటదే వర్తిస్తుంది. ఇంటి విలువ అంటే మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే, స్థలం ధర కాదు. అద్దెకున్నవాళ్లు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. నగదు ఇందులో రాదు. నగలకు విడిగా కవర్ తీసుకోవాలి. దొంగతనం అంటే వరద, మంట లాంటి ఘటన జరిగిన 7 రోజుల్లోపు జరిగిందే లెక్క, మామూలు దొంగతనం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

వరండాలో టైలరింగ్ షాపు, ముందు గదిలో కిరాణా కొట్టు ఉన్న ఇళ్లు ఎన్నో. ఆ సరుకు ఇంటి పాలసీ కిందకు రాదు. 5 కోట్ల లోపు విలువున్న చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఉంది.

బీమా విషయంలో దీన్ పరంగా సందేహం ఉన్న కుటుంబాలు ఆలిమ్‌లను అడిగి తేల్చుకుంటాయి. పాలసీ తీసుకున్నా తీసుకోకపోయినా పాత వైరు మార్చడం, సరుకును నేల మీద కాకుండా బల్లల మీద పెట్టడం లాంటి పనులతో హజార్డ్ తగ్గుతుంది.

క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపోకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది, ఫీజు ఉండదు, లాయరూ అక్కర్లేదు.