డేరాలు కుట్టిన అపొస్తలుడు

కొరింథు క్రైస్తవులకు పౌలు మీద ఓ వింత ఫిర్యాదు ఉండేది: తమ దగ్గర డబ్బు పుచ్చుకోడని. వాళ్లు ఏమని అడిగారో మనకు దక్కలేదు గానీ జవాబు దక్కింది. వాళ్లకు రాసిన రెండో పత్రికలో, ఉచితంగా సువార్త చెప్పడం నా తప్పా అని ఆయన ఎత్తిపొడుస్తాడు.

ఆ కినుక ఎందుకో తెలియాలంటే ఊరి సంగతి తెలియాలి. క్రీ.పూ. 146లో రోమన్లు నేలమట్టం చేసిన కొరింథును క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టాడు. అటూ ఇటూ రెండు రేవులు, నడుమ కొత్తగా డబ్బు చేసిన పట్నం. అలాంటి చోట పేరున్న బోధకుడంటే ఫీజు తీసుకోవాలి, లేదా ఏ సంపన్నుడి ఇంట్లోనో ఆస్థాన పండితుడిలా కుదురుకోవాలి. చేతిపని చేసుకునేవాళ్లంటే పెద్దింటివాళ్లకు చిన్నచూపు. రోమన్ రచయిత సిసిరో ఆ మాట దాచకుండానే రాశాడు. గురువుగారే సూదీ దారం పట్టుకుని కూర్చుంటే శిష్యులకు తలవంపుగా ఉండదా?

పౌలుది కిలికియలోని తార్సు. మేకవెంట్రుకల ముతకగుడ్డకు ఆ సీమ ప్రసిద్ధి. ఆయన డేరాలు కుట్టింది ఆ గుడ్డతోనా, తోలుతోనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. యెరూషలేములో గమలీయేలు దగ్గర చదివాడు, యేసు అనుచరుల్ని వేటాడాడు, దమస్కు దారిలో పిలుపు విని వాళ్లలోనే కలిశాడు. ఇంత మారినా చేతిలో పని మాత్రం వదల్లేదు.

కొరింథులో ఆయనకు చోటిచ్చింది అదే వృత్తిలో ఉన్న అకుల, ప్రిస్కిల్ల దంపతులు. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోము నుంచి వెళ్లగొడితే వచ్చినవాళ్లు. ఏడాదిన్నర ఆ ఊళ్లో ఉన్న పౌలును చివరికి ప్రత్యర్థులు అధిపతి గల్లియో ముందుకు లాక్కెళ్లారు. ఈ గల్లియో తత్వవేత్త సెనెకాకు అన్న. డెల్ఫీలో దొరికిన శాసనంలో ఆయన పేరుండబట్టే ఈ ఘట్టాన్ని క్రీ.శ. 51–52 ప్రాంతానికి కట్టగలుగుతున్నాం. పౌలు జీవితంలో ఇంత గట్టి ఆనవాలున్న తేదీ మరొకటి లేదు.

మెలిక ఏమిటంటే, బోధించేవాడు బోధతోనే బతకాలని గట్టిగా వాదించిందీ పౌలే. నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దన్న ధర్మశాస్త్రపు మాటను సాక్ష్యానికి తెచ్చి మరీ హక్కును నిరూపించాడు. నిరూపించి, నాకొద్దన్నాడు.

అలాగని అందరి దగ్గరా కాదనలేదు. ఫిలిప్పీ వాళ్లు పంపితే తీసుకున్నాడు. కొరింథులో ఉండగానే ఫిలిప్పీ ఉన్న మాసిదోనియ నుంచి వచ్చిన సోదరులు ఆయన లోటు తీర్చారు. ఇది కొరింథువాళ్లను ఇంకా మండించి ఉంటుంది. అయితే నేను పౌలు వాణ్ణి, నేను అపొల్లో వాణ్ణి అంటూ బోధకుల పేర్ల మీద ముఠాలు కట్టిన ఊళ్లో ఎవరి డబ్బు తింటే వాళ్ల పక్షమైపోడూ? వాళ్ల సొమ్ము ముట్టకపోవడమే తెలివైన పని.

తర్వాత అకుల, ప్రిస్కిల్ల ఆయనతో ఎఫెసుకు తరలారు. తన కోసం ప్రాణాలకు తెగించారని రోమీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పుకున్నాడు. అందులోని పలకరింపుల్లో మొదటిది వాళ్లకే, అదీ భార్య పేరు ముందుపెట్టి. అప్పటికి వాళ్లు రోముకు తిరిగి చేరారు. వాళ్లింట్లోనే ఓ సంఘం కూడుతోంది.